నర్మద ఒడ్డు నుంచి తిరిగొచ్చిన రాజు

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల వశమైంది. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీగా చిక్కాడు. ఉత్తరాదికి తరలిస్తుండగా దారిలోనే, నర్మదా నది ఒడ్డున ప్రాణం విడిచాడు. తొలి శాసనం చెప్పేది ఇదే. తెలుగువాళ్లు తర్వాతి కాలంలో చెప్పుకున్న కథలో మాత్రం ఆ రాజు నర్మద దగ్గర చనిపోలేదు. ఢిల్లీ దాకా వెళ్లాడు. సుల్తాను తల్లి ఆయనలో సాక్షాత్తు శివుణ్ని చూసింది. సకల మర్యాదలతో విడుదలై, కాశీ సేవించుకుని, తన ఊరికి తిరిగొచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరిగింది. ఈసారి ఢిల్లీ సుల్తానే బందీగా ఓరుగల్లుకు వచ్చాడు. ఇంత మార్పు ఎందుకొచ్చింది? ఓటమి మింగుడుపడక జనం కల్పించుకున్న ఊరట అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ సాక్ష్యాలను వరసగా పేర్చి చూస్తే అంతకంటే బలమైన కారణం బయటపడుతుంది. ప్రతాపరుద్రుడి తర్వాత తెలుగునేలను ఏలినవాళ్లు తమ అధికారం ఎక్కణ్నుంచి వచ్చిందో లోకానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ అవసరం మారినప్పుడల్లా రాజు ముగింపు కూడా మారింది.

ముందు జరిగిందేమిటో చూద్దాం. ప్రతాపరుద్రుడు రుద్రమదేవి మనవడు, ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. 1289 ప్రాంతంలో సింహాసనం ఎక్కాడు. మూడు దశాబ్దాలకు పైగా సాగిన ఆయన పాలనలో ఢిల్లీ నుంచి ఐదుసార్లు దండు వచ్చింది. 1303లో వచ్చినవాళ్లు దెబ్బతిని వెనుదిరిగారు. 1309 చివర్లో బయల్దేరిన మాలిక్ కాఫూర్ కోటను చుట్టుముట్టాడు. ఆ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో ఓరుగల్లు బయటి గోడ దగ్గర ఆగిపోయి ఆశ్చర్యపడతాడు. కట్టింది మట్టితోనే అయినా ఉక్కు బల్లెం దిగనంత గట్టిదట! ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు అప్పగించి, కప్పానికి ఒప్పుకుని ప్రతాపరుద్రుడు అప్పటికి గండం గట్టెక్కాడు. ఆ తర్వాత కప్పం ఆగడం, దాని కోసం మళ్లీ దండు రావడం నడుస్తూనే ఉన్నాయి. చివరికి ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ 1321లో ఒకసారి విఫలమై, 1323లో మళ్లీ వచ్చి కోట పట్టాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కింది ఇతనే.

రాజు మరణం గురించి మనకున్న మొదటి సాక్ష్యం ఆ తర్వాత కొద్దికాలానికే పుట్టింది. కోనసీమలోని విలస గ్రామాన్ని ఒక బ్రాహ్మణ పండితుడికి దానమిస్తూ ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన తామ్రశాసనం అది. దాన్ని పరిష్కరించి ప్రకటించినవారు నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ. భూదాన పత్రమే కదా అని పక్కన పెట్టడానికి వీల్లేదు. అందులో ముందుభాగం ఒక చరిత్ర గ్రంథంలా నడుస్తుంది. ప్రతాపరుద్రుడు తురుష్కులను పలుమార్లు ఓడించాడు, చివరికి జనం అదృష్టం సన్నగిల్లి బందీ అయ్యాడు, ఢిల్లీకి తీసుకుపోతుండగా దైవవశాన నర్మద ఒడ్డున కన్నుమూశాడు అని చెబుతుంది. ఆ రాజనే సూర్యుడు అస్తమించగానే నేలంతా చీకటి కమ్మిందని వర్ణిస్తుంది. అగ్రహారాలు అన్యాక్రాంతమయ్యాయి, గుళ్లు కూలాయి, రైతు పండించిన పంట రైతుకు దక్కలేదు. అప్పుడు ప్రోలయ నాయకుడు విష్ణువు దిగివచ్చినట్టు లేచాడు. గోదావరి పక్కన, మాల్యవంత పర్వతం దగ్గర రేకపల్లిలో నిలబడి రాజ్యాన్ని మళ్లీ కూడదీశాడు. శాసనం అల్లిక గమనించదగ్గది. రాజు చనిపోవడం ఈ కథనానికి తప్పనిసరి. ప్రతాపరుద్రుడు ఎక్కడో బతికి ఉంటే ప్రోలయ ఆయన సామంతుడిగా మిగులుతాడే తప్ప, తన పేరు మీద ఊళ్లు దానం చేయగల ఏలిక కాలేడు.

అలాగైతే విలస శాసనం కూడా సొంత ప్రయోజనం కోసం రాసిందే కదా, అందులోని నర్మద మాటను మాత్రం ఎందుకు నమ్మాలి? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఢిల్లీ వైపు నుంచి దొరుకుతుంది. ఫిరోజ్ షా తుగ్లక్ కాలపు చరిత్ర రాసిన షంసె సిరాజ్ అఫీఫ్, ఇంకెవరి గురించో చెబుతూ మధ్యలో, తిలంగ్ రాజు ఢిల్లీకి వచ్చే దారిలో చనిపోయాడని అంటాడు. రాజు ప్రాణాలతో వచ్చి తమ కొలువులో తలవంచి ఉంటే, అది ఢిల్లీ చరిత్రకారుడు దాచిపెట్టాల్సిన సంగతి కాదు, గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి. అతనికి ప్రోలయ నాయకుడి అవసరాలతో సంబంధం లేదు. ఎదురెదురు పక్షాలవాళ్లు వేర్వేరు భాషల్లో, వేర్వేరు సందర్భాల్లో ఒకే మాట చెప్పారంటే దాన్ని నమ్మడానికి అంతకంటే ఆధారం మధ్యయుగాల విషయంలో అరుదుగా దొరుకుతుంది.

తర్వాతి మెట్టు 1423 నాటి కలువచేరు శాసనం. వేయించింది రాజమహేంద్రవరం రెడ్డిరాజుల ఇంటి రాణి అనితల్లి. ప్రతాపరుద్రుడు దేవలోకానికి వెళ్లాడని ఇది కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే తన ఇష్టంతోనే వెళ్లాడంటుంది. బందీగా బతకడం ఇష్టంలేక నర్మదలో ప్రాణత్యాగం చేశాడని కొందరు చరిత్రకారులు ఊహించడానికి ఆధారం ఈ మాటే. జరిగి ఉండొచ్చు, కాదనడానికి లేదు. అయినా వందేళ్లలో రాజు ముగింపు విధి చేతిలోంచి రాజు చేతిలోకి వచ్చిందన్నది మాత్రం స్పష్టం. నాకు ఈ శాసనంలో అంతకంటే విలువైనదిగా కనిపించేది ఆ తర్వాతి భాగం. ప్రోలయ తర్వాత కాపయ నాయకుడు వచ్చాడు, ఆయన్ను 75 మంది నాయకులు కొలిచారు, కాపయ పోయాక వాళ్లంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లి ఎవరి సీమను వాళ్లు ఏలుకున్నారు. రెడ్డిరాజులు తమ పుట్టుకను ఆ విడిపోవడంలోనే చూసుకున్నారు. ఆ కాపయ నాయకుడు ఓరుగల్లును ఢిల్లీ చేతుల్లోంచి విడిపించిన వీరుడు. 1368 ప్రాంతంలో రాచకొండ రేచెర్ల పద్మనాయకులతో యుద్ధంలో చనిపోయాడు.

ఇక్కణ్నుంచి దాదాపు వందేళ్లు ముందుకు వెళ్తే, పదహారో శతాబ్దంలో, ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము కనిపిస్తుంది. తెలుగు వచనంలో వచ్చిన తొలి చరిత్ర రచనల్లో ఒకటి. ఇందులో చరిత్ర ఎంతుందో కథ అంతకు పదింతలు ఉంది. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు కాక భార్య అయిపోయింది. ఇనుమును బంగారం చేసే పరుసవేది లింగం వల్ల కాకతీయులకు సిరి పట్టింది. ప్రతాపరుద్రుడు శివాంశతో పుట్టాడు. ఓరుగల్లు కోటకు 77 బురుజులున్నాయి, ఒక్కో బురుజును ఒక్కో పద్మనాయకుడు కాపాడాడు. చివరికి రాజు ఢిల్లీకి చిక్కాడు. సుల్తాను తల్లి తన కొడుకునూ ఈ బందీనీ చూసింది. ఇద్దరిలోనూ ఆమెకు దివ్యతేజస్సు కనిపించింది. బందీ శివుడు, కొడుకు విష్ణువు! ఇలాంటివాణ్ని బంధించడం మహాపాపమని కొడుకుకు నచ్చజెప్పి విడిపించింది. రాజు కాశీ మీదుగా ఇల్లు చేరాడు. తన నాయకులను పిలిచి, ఇక మీరు నాకు కట్టుబడి ఉండనక్కర్లేదు, మీ మీ సీమలకు వెళ్లి స్వతంత్రంగా ఏలుకోండి అని సెలవిచ్చాడు. ఆ తర్వాతే లోకం విడిచాడు.

ఈ చివరి ఘట్టాన్ని కలువచేరు శాసనం పక్కన పెట్టి చూడండి. అక్కడ నాయకులు విడిపోయింది కాపయ చనిపోయాక. ఇక్కడ రాజే పిలిచి అధికారమిచ్చాడు. అక్కడ నాయకులు 75 మంది, ఇక్కడ 77 మంది పద్మనాయకులు. ఓరుగల్లును తిరిగి గెలిచిన కాపయను యుద్ధంలో ఓడించినవాళ్లూ పద్మనాయకులే. కాకతీయుల తర్వాత ఏర్పడిన రాజ్యాలను మధ్యలో ఎవరి ప్రమేయమూ లేకుండా నేరుగా కాకతీయ సింహాసనానికి ముడిపెట్టాలంటే రాజు నర్మద దగ్గర చనిపోకూడదు. చనిపోయినవాడు సెలవివ్వలేడు. కాబట్టి రాజు తిరిగి రావాలి, తన నోటితో చెప్పాలి. ఇంకో ప్రసిద్ధ కథను కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. విజయనగరం స్థాపించిన హరిహర బుక్కలు ప్రతాపరుద్రుడి కోశాగారంలో పనిచేసినవాళ్లన్నది ఆ కథ. నిజానిజాల మీద చరిత్రకారుల వాదం ఇంకా తెగలేదు గానీ, దాని దిశ మాత్రం ఇదే. పదహారో శతాబ్దపు తెలుగు దొరలకు ఓరుగల్లే పుట్టిల్లు.

ఓరుగల్లు పేరుకు అప్పట్లో అంత విలువ ఉందా అన్న సందేహానికి రాతి మీదే జవాబుంది. 1504 నాటి వరంగల్ శాసనంలో షితాబ్ ఖాన్ అనే దొర తాను ఏకశిలానగరాన్ని, అంటే ఓరుగల్లును, గెలిచానని, కాకతీయ రాజ్యలక్ష్మి అయిన దేవిని తిరిగి ప్రతిష్ఠించానని చెప్పుకున్నాడు. కోట కూలి 180 ఏళ్లు దాటింది. అయినా గెలిచినవాడు కొత్త దేవుణ్ని తేకుండా కాకతీయుల దేవిని వెతికి నిలబెట్టాడు. బహమనీల ఏలుబడిలో పైకొచ్చి, సుల్తానుల పద్ధతిలో బిరుదు పెట్టుకున్నవాడికి కూడా కాకతీయ వారసత్వం కావాల్సి వచ్చింది. ఇక ఆ 77 బురుజుల సంగతి. ఇప్పుడు వరంగల్ వెళ్లి లోపలి రాతిగోడ చుట్టూ తిరిగితే కనిపించే బురుజులు 45. లెక్క తప్పినందుకు ఏకామ్రనాథుణ్ని తప్పుపట్టడం నాకు అనవసరంగా తోస్తుంది. ఆయన రాళ్లను లెక్కపెట్టలేదు. తన కాలంలో ప్రతాపరుద్రుడి పేరు చెప్పుకుని పెద్దరికం అడుగుతున్న కుటుంబాలకు చోటు చూపించాడు. ఒక్కో కుటుంబానికి ఒక్కో బురుజు దక్కింది.

ఊరట కోసమే ఈ కథ పుట్టిందన్నవాళ్ల మాటను ఇప్పుడు పరీక్షించవచ్చు. ఊరటే కావలిస్తే దారి తేలికగా ఉంది. శివుడి అంశ అయిన రాజు మూడో కన్ను తెరిచి సుల్తానును భస్మం చేసేయొచ్చు, మన పురాణాల్లో అలాంటివి కొల్లలు. చరిత్రము ఆ పని చేయలేదు. పైగా సుల్తానును విష్ణువును చేసింది. శత్రువును దేవుణ్ని చేసి ఓదార్పు పొందే జనం ఉంటారా? ఈ ఎంపికకు అర్థం ఆ కాలపు రాజకీయంలో ఉంది. అప్పటి తెలుగు రచనల్లో దేశమంతా మూడు సింహాసనాలుగా కనిపిస్తుంది. అశ్వపతి ఢిల్లీ ప్రభువు, గజపతి ఒడిశా రాజు, నరపతి తెలుగు కన్నడ సీమల ఏలిక. ఢిల్లీ గద్దె వాళ్ల దృష్టిలో న్యాయమైన గద్దెల్లో ఒకటి. దక్కన్ సుల్తానుల కొలువుల్లో తెలుగు నాయకులు పనిచేశారు, వాళ్లతో పొత్తులు కట్టారు, వాళ్లతో పోరాడారు. అలాంటివాళ్లకు కావలసింది తమ రాజు ఢిల్లీ ప్రభువుకు సాటివాడన్న గుర్తింపు. సుల్తాను ఎంత గొప్పవాడైతే ఆ గుర్తింపుకు అంత విలువ. ఎప్పుడో పద్నాలుగో శతాబ్దం నుంచి నేటిదాకా తెలుగువాళ్ల మనసులో ఒకే పగ చెక్కుచెదరకుండా ఉందని చెప్పేవాళ్లు ఈ పుస్తకాన్ని ఒకసారి ఓపిగ్గా చదవాలి.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. రాజు నిజంగానే తిరిగొచ్చి ఉంటే? 1326 నాటి శాసనమొకదానిలో ప్రతాపరుద్రుడి ప్రస్తావన ఉందని, కాబట్టి సుల్తాను ఆయన్ను విడిచిపెట్టి ఉంటాడని వాదించినవారున్నారు. ఓడిన రాజును సామంతుడిగా తిరిగి కూర్చోబెట్టడం ఢిల్లీకి కొత్త కాదు, 1310లో ఓరుగల్లులో జరిగింది అదే. కాబట్టి వాదన అసంభవమైనదేమీ కాదు. కానీ కేంద్రం కూలాక అధికారులు, సామంతులు కొన్నాళ్లపాటు పాత ప్రభువు పేరుతోనే దానాలు చేయడం వింత కాదు. ఎవరి పేరు రాయాలో తెలియని రోజులవి. రాజు తిరిగొచ్చి ఏలుతూ ఉండి ఉంటే, ఆయన రాజ్యంలోనే, ఆయనను ఎరిగిన మనుషుల మధ్య, ప్రోలయ నాయకుడు ఆయన చావును రాగిరేకు మీద చెక్కించగలిగేవాడు కాదు. అబద్ధమైతే చూసి చెప్పగలిగినవాళ్లు ఊరూరా ఉన్న రోజుల్లో అంత సాహసం ఎవరూ చేయరు. నా మొగ్గు నర్మద వైపే.

ఏకామ్రనాథుడి కథను తర్వాత కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్రములోను, కూచిమంచి జగ్గకవి సోమదేవరాజీయములోను మళ్లీ చెప్పారు. వాటిలో తేడాలున్నాయి గానీ కథ వెన్నెముక మారలేదు. అది విరిగి కొత్తగా అతుక్కుంది 1897లో, వేదం వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకంలో. ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు రాసిన సంస్కృత అలంకార గ్రంథానికీ అదే పేరుంది, రెండూ వేరు. మద్రాసులో సంస్కృతం బోధించిన ఈ పండితుడి చేతిలో శివకేశవులు మాయమయ్యారు. దేవుడి తేజస్సు చేసిన పని ఇప్పుడు మనిషి బుర్ర చేస్తుంది. రాజును మోసంతో పట్టుకుపోతే, మంత్రి యుగంధరుడు ఢిల్లీ సుల్తానునే పట్టి తెస్తానని శపథం చేస్తాడు, పిచ్చివాడి వేషం వేసి పథకం నడుపుతాడు. రాజు పోలికలున్న చాకలి పేరిగాడు రాజు స్థానంలో కూర్చుంటాడు. భాష విషయంలో కూడా ఈ నాటకం ధైర్యం చేసింది. పేరిగాడు పేరిగాడిలాగే మాట్లాడతాడు, ఢిల్లీవాళ్లు తమ యాసలో మాట్లాడతారు. పాత్రను బట్టి భాష ఉండాలన్న ఈ పద్ధతిని పండితులు తప్పుపట్టినా జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో తెలుగునేల సగం ఇంగ్లీషువాళ్ల కింద, సగం నిజాం కింద ఉంది. రాజు నుంచి సెలవు తీసుకోవాల్సిన నాయకులు ఎవరూ లేరు. ఉన్నదల్లా చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ, దేశం గురించి ఆలోచించడం మొదలుపెట్టిన కొత్త తరం. రాజు అసమర్థుడైనా, బందీ అయినా, తెలివైన మంత్రీ నమ్మకమైన సామాన్యుడూ కలిస్తే రాజ్యం నిలుస్తుందన్న కథ ఆ తరానికి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. వారసత్వం నాయకుల ఇళ్ల నుంచి బుద్ధిబలం ఉన్నవాళ్లకు మారింది. అదే సమయంలో పాత కథలో సాటి దేవుడైన సుల్తాను ఈ కథలో పట్టి తేవాల్సిన శత్రువయ్యాడు. మార్పు పూర్తిగా మంచిదని నేననను. పేరిగాడికి రంగస్థలం మీద గొంతు దొరికింది, సుల్తాను తల్లి కథలోంచి వెళ్లిపోయింది.

ఓరుగల్లుకు ఈశాన్యాన, బస్తర్ అడవుల్లో ఈ కథకు మరో శాఖ పెరిగింది. 1703 నాటి దంతేవాడ శాసనంలో అక్కడి రాజు దిక్పాలదేవుడు తన వంశకర్త అన్నమరాజు కాకతి ప్రతాపరుద్రుడి తమ్ముడని చెప్పుకున్నాడు. 1323కు ఆ రాతకు మధ్య 380 ఏళ్ల ఎడముంది, కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోవడం కష్టం. అయినా ఇక్కడ కథ ఎంత వేరుగా నడిచిందో చూడండి. తమ్ముడే రాజ్యం వెంటబెట్టుకుని దండకారణ్యానికి వెళ్లాడు గనుక అన్న తిరిగి రావాల్సిన అవసరమే రాలేదు. 1966లో జగదల్‌పూర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ కాకతీయ అన్న మాటను తన పేరుతో పాటు రాసుకునేవాడు. 2022 జులైలో తెలంగాణ ప్రభుత్వం వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు ఆ ఇంటివాడైన కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను పిలిచి గౌరవించింది.

అఫీఫ్ ఎవరి గురించి చెబుతూ ప్రతాపరుద్రుడి చావును ప్రస్తావించాడో ఆ మనిషి దగ్గరికి ఇప్పుడు రావాలి. అతని పేరు కన్ను. తిలంగ్ రాజు కొలువులో పెద్ద స్థానంలో ఉన్నవాడు. రాజు దారిలో పోయాక ఇతను సుల్తాను దగ్గరికి చేరి, మతం మారి, మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా కాలానికి ఖానె జహాన్ బిరుదుతో సామ్రాజ్యానికే వజీరయ్యాడు. తిక్కన శిష్యుడు మారన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన కాకతీయ సేనాని గన్నయ నాయకుడే ఇతనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఓరుగల్లు నుంచి బందీగా బయల్దేరి, నిజంగా ఢిల్లీ చేరి, అక్కడ గౌరవం పొందిన తెలుగువాడు ఇతనొక్కడే కళ్లముందు కనిపిస్తాడు. రాజుకు మనం కట్టబెట్టిన ప్రయాణం ఇతను చేశాడు. కాపయ నాయకుడు యుద్ధంలో కూలిన కాలానికే ఇతనూ ఢిల్లీలో కన్నుమూశాడు. నిజాముద్దీన్ ప్రాంతంలో ఎనిమిది మూలల కట్టడంగా అతని సమాధి ఉంది, కొడుకు కూడా అదే బిరుదుతో వజీరయ్యాడు. అయితే ఓరుగల్లు వైపు అతనికి వారసులమని చెప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఏకామ్రనాథుడి 77 బురుజుల్లో అతనికి ఒక్కటీ లేదు.